గూడు కాచే చేప

గాలపు కర్ర రీలు పక్కమూత విప్పి బల్లమీద పెట్టేసరికి లోపలి దారమంతా ఉండకట్టుకుపోయి ఉంది. దైవాశీర్వాదం దాన్ని వెంటనే ముట్టుకోలేదు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, మెడ వంచిన దీపాన్ని దగ్గరికి లాక్కుని, ఏ పోగు దేని కిందనుంచి వచ్చిందో కాసేపు చూశాడు. చిక్కుపడ్డ దారాన్ని లాగితే ఇంకా బిగుసుకుంటుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు కూడా ఒడ్డున కోపం ఆపుకోలేక ముందు లాగేస్తారు, తరవాత తిట్టుకుంటారు, ఆపైన తెచ్చి ఈయన బల్లమీద పడేస్తారు. ఆయన స్పూలుమీద బొటనవేలు గట్టిగా అదిమిపెట్టి, పిడిని రెండు చుట్లు తిప్పి, వేలు తీసి, కొసని మెల్లగా లాగాడు. జానెడు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ అదిమాడు, మళ్ళీ తిప్పాడు.

"రా తల్లీ, రా. నీకు నాతో గొడవేంటి?" అన్నాడు దారంతో.

న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరో దాటి రిజర్వాయరుకి వెళ్ళే దారిలో ఉంది ఆ కొట్టు. ముందు గదిలో గాలాలు, కర్రలు, రీళ్ళు. వెనక గదిలో వానపాముల పెట్టెలు, గాలిబుడగలు పోసుకుంటున్న తొట్లలో ఎరచేపలు. మధ్యలో గోడ పొడుగునా రబ్బరు పాములు, రబ్బరు తొండలు, రబ్బరు రొయ్యలు ప్లాస్టిక్ సంచుల్లో వేలాడుతుంటాయి. చేపకి ఇష్టమని వాటిలో కొన్నిటికి వెల్లుల్లి వాసన కలుపుతారు. రోజంతా వాటి మధ్య తిరిగి ఇంటికి వెళ్తే భార్య దీనమ్మ గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, "వంట మీరే చేసొచ్చారా ఏంటి?" అనేది. 'అనేది' అని, అయిపోయినట్టు అనుకునే మాట ఈమధ్య ఆయన మనసులోకి తరచుగా వస్తోంది. వచ్చినప్పుడల్లా తరిమేస్తున్నాడు.

ఆయన పొట్టి మనిషి. వేళ్ళు మొద్దుగా, గోళ్ళు పొట్టిగా ఉంటాయి. ఎడమ బొటనవేలి మీద ఎప్పుడో గాలం దిగిన మచ్చ ఉంది. చొక్కా జేబు మీద డేవ్ అని రాసిన బిళ్ళ. కొట్టు యజమాని వాల్టర్‌కి దైవాశీర్వాదం అనే పేరు నోరు తిరగలేదు. అంత పేరుని ఇంత చేసుకున్నందుకు ఈయనకీ బాధ లేదు. చెల్లెలు స్పాన్సర్ చేస్తే నడివయసులో ఈ దేశం వచ్చాడు. మొదట పెట్రోలు బంకు, తరవాత ఈ కొట్టు. ఇక్కడే జుట్టు తెల్లబడింది. కైకలూరులో ఉన్నప్పుడు చేప అంటే పట్టడం, తోమడం, తినడం. ఇక్కడికొచ్చాక చేప అంటే పట్టడం, ఫోటో తీసుకోవడం, నీళ్ళలో వదిలెయ్యడం. వాల్టర్ ఎన్నిసార్లు పిలిచినా ఆయన ఒక్కసారి కూడా కర్ర పట్టుకుని నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. ఆకలి లేకుండా చేప నోట్లో గాలం దింపడం ఆయన కంటికి పరాచికంగా కనిపించేది. కొనేవాళ్ళకి చూపించాల్సి వస్తే కొట్టు వెనక పార్కింగ్‌లో గాలం బదులు సీసం గుండు కట్టి విసిరి చూపించేవాడు.

బల్లకి ఎదురుగా గోడమీద ప్రభుత్వంవాళ్ళ పోస్టరు ఒకటుంది. పాము తలకాయ, పొడుగాటి ఒళ్ళు, మచ్చలు. ఈ చేప మన నీళ్ళది కాదు, పడితే వదలకండి, చంపెయ్యండి అని కింద ఎర్ర అక్షరాలు. అది కొరమేనుకి పెదనాన్న కొడుకు. మొదటిసారి కొట్టు చూడ్డానికొచ్చిన రోజున దీనమ్మ ఆ బొమ్మ చూసి, "అయ్యో, మనోణ్ణి పోలీస్ స్టేషన్లో దొంగ ఫోటో పెట్టినట్టు పెట్టారేంటండీ!" అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకి వాల్టర్ వెనక గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

ఇవాళ ఆ పోస్టరు వైపు చూడకూడదనుకుంటూనే పొద్దుటినుంచి చూస్తున్నాడు.

పొద్దున్న ఆయన దీనమ్మ పెదాలు తడిగుడ్డతో తుడుస్తుంటే ఆమె కళ్ళు తెరిచింది. క్యాన్సర్ కాలేయందాకా పాకిందని తెలిసి, ఇక ఆసుపత్రి వద్దని ఇంటికి తెచ్చుకున్నారు. హాల్లోనే కిటికీ పక్క మంచం వేశారు. కొన్నాళ్ళుగా ఆమె ఏమీ తినడం లేదు. జావ తెస్తే తల తిప్పేస్తుంది. పండు నలిపి పెడితే నాలుకతో బయటికి తోసేస్తుంది. వృద్ధులుండే నర్సింగ్ హోంలో పనిచేసిన మనిషి ఆమె. నోరు తెరవని ముసలాళ్ళని కూడా కబుర్లలో పెట్టి నాలుగు ముద్దలు తినిపించేది. ఆ కబుర్లేమిటో అప్పుడు అడిగి తెలుసుకోనందుకు దైవాశీర్వాదం ఇప్పుడు తనని తాను తిట్టుకుంటున్నాడు.

"ఏవండీ" అంది ఆమె. గొంతు స్పష్టంగా ఉంది. "కొరమేను పులుసు తినాలనుందండీ."

ఆయన గుడ్డ పక్కన పెట్టి ముందుకి వంగాడు. "తింటావా? నిజంగా తింటావా?"

"బతికున్న చేపయితే తింటాను. ఆ మంచుగడ్డలు మాత్రం తేకండి."

మంచుగడ్డ చేప అంతకుముందే అయింది. ఇండియన్ స్టోర్‌లో గడ్డకట్టిన కొరమేను తెచ్చి పులుసు పెడితే వాసనకే వాంతి చేసుకుంది. చైనావాళ్ళ కొట్టులో తొట్టిలో ఈదుతున్న చేప తెస్తే మేత కంపు అంది. ఆమెకి కావలసింది ఆరుబయట నీళ్ళలో తిరిగి, బురద రాసుకుని, తన తిండి తాను వెతుక్కున్న చేప. ఆ మాట ఆమె చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకి తెలుసు.

చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూడ్డానికి వారంవారం ఇంటికొచ్చే హాస్పిస్ నర్సు కిందటిసారి ఒక మాట చెప్పింది. ఒక్కోసారి ఉన్నట్టుండి ఆకలి పుడుతుంది, లేచి కూర్చుంటారు, మాట్లాడతారు, దాన్ని చూసి ఆశ పెట్టుకోవద్దు అంది. ఆయనకి అందులో మొదటి సగమే గుర్తుంది. తింటే ఒంట్లో బలం వస్తుంది, బలం వస్తే ఇంకొన్నాళ్ళు ఉంటుంది. ఇంతకుమించిన లెక్క ఆయన బుర్రలోకి ఎక్కడం లేదు. "సాయంత్రానికి తెస్తాను దీనా. బతికున్నదే తెస్తాను" అని ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చి వచ్చాడు. ఎక్కడినుంచి తెస్తాడో ఆయనకే తెలియదు. పక్క అపార్ట్‌మెంటు రాధారాణి ఇంటినుంచే ఆఫీసు పని చేసుకుంటుంది. పగలు లాప్‌టాప్ తెచ్చుకుని దీనమ్మ దగ్గర కూర్చునేది ఆవిడే.

చిక్కు ఊడింది. దారం నిటారుగా వచ్చింది. ఆయన దాన్ని మళ్ళీ స్పూలుకి చుడుతుంటే బల్ల అవతలినుంచి ఎవరో అన్నారు.

"మీరు తెలుగా అంకుల్? దారంతోని తెలుగుల మాట్లాడుతుంటే విన్న. డేవ్ అని ఉన్నది కదా, ఇంగ్లిష్‌ల ఎట్ల అడగాల్నో అని ప్రాక్టీస్ చేస్కుంట నిల్చున్న."

ఇరవై దాటిన పిల్ల. యూనివర్సిటీ పేరున్న చొక్కా, చేతిలో అన్నిటికంటే చవకైన కర్ర. పేరు రేష్మ, ఊరు జగిత్యాల, ఇక్కడ మాస్టర్స్ చేస్తోంది.

"ఇంటర్న్‌షిప్‌లకు అప్లై చేసి చేసి దిమాక్ ఖరాబైంది అంకుల్. ఫిషింగ్ చేస్తే స్ట్రెస్ పోతదని మా రూమ్మేట్ చెప్పింది. బాస్ అనే చేప పట్టాల్నట."

"లైసెన్స్ తీసుకున్నావా అమ్మా?"

"ఆన్‌లైన్‌ల తీస్కున్న."

దైవాశీర్వాదం గోడమీద బొమ్మ చూపించాడు. పచ్చటి ఒళ్ళు, పక్కన నల్లటి చార, గుప్పిలి పట్టేంత నోరు. అది బాస్. తరవాత తూటాలాంటి చిన్న బరువు దారానికి ఎక్కించి, దాని వెనక వంపు గాలం పెట్టి, దారాన్ని రెండు పేటలు చేసి గాలం బెజ్జంలోంచి దూర్చి ముడి వేశాడు. ఆ ఉచ్చులోంచి గాలాన్ని దాటించి, ముడి నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడిపి, అప్పుడు బిగించాడు. "పొడిగా లాగితే రాపిడి వేడికి దారం కాలిపోద్దమ్మా. తడపడం మర్చిపోకు." రబ్బరు పురుగుకి గాలం గుచ్చి, మొనని మళ్ళీ దాని ఒంట్లోనే దాచాడు. మొన బయట ఉంటే నాచుకి తగులుకుంటుంది. "టిక్కుమని తగలగానే లాగెయ్యకు. నోట్లో పెట్టుకోనీ. దారం పక్కకి నడుస్తది. అప్పుడు కర్ర ఎత్తి కొట్టు."

రేష్మ ఆ ముడిని మళ్ళీ మళ్ళీ వేసి, చివరికి ఎలాగో కుదిరించింది. "పడ్డంక ఇంటికి తీస్కపోయి పులుసు పెట్టుకోవచ్చా అంకుల్?"

"తప్పు. ఇప్పుడు గుడ్లకాలం. జూన్ సగం దాటేదాకా ఒక్క బాస్‌ని కూడా తీసుకెళ్ళకూడదు, చట్టం. పట్టినచోటే వదిలెయ్యాలి."

"ఇడిచిపెట్టేదానికి పట్టుడెందుకు అంకుల్?"

ఆయనకి నవ్వొచ్చింది. ఈ కొట్టులో చేరిన రోజున వాల్టర్‌ని తాను అడిగిన మాట అదే. "అది కాదమ్మా. ఆడచేప గుడ్లు పెట్టేసి పోద్ది. మగదే కాపలా. తిండి మానేసి గూడు చుట్టూ తిరుగుతా ఉంటది. అది కాస్త పక్కకి పోయిందంటే చాలు, చిన్నచేపలు వచ్చి గుడ్లన్నీ ఊడ్చేస్తాయి. పాపం, ఎక్కడికీ పారిపోదు కూడా. ఒడ్డుకి దగ్గర్లో, లోతు లేని నీళ్ళలోనే ఉంటది. ఎవరైనా పట్టెయ్యగలిగేంత దగ్గర్లో..."

తన నోటినుంచి వచ్చిన మాట తన చెవికే కొత్తగా వినిపించింది.

"అయ్యో పాపం. నేనైతే దాని జోలికి పోనే పోను అంకుల్, ప్రామిస్" అంది రేష్మ.

ఆ పిల్ల వెళ్ళిపోయాక ఆయన బాస్ బొమ్మ వైపు చూశాడు. కొరమేను కాదు, అయినా ఆరుబయట నీళ్ళలో తిరిగే బతికున్న చేపే. తరవాత గోడ దగ్గరికి వెళ్ళి తెల్లటి రబ్బరు తొండల సంచి ఒకటి తీశాడు. తెల్లదైతే నీళ్ళ అడుగున ఉన్నా కంటికి కనబడుతుంది. చేప దాన్ని నోట్లో పెట్టుకోగానే మాయమవుతుంది. ఆ ఉపాయం కొనేవాళ్ళకి ఆయన ఎన్నిసార్లు చెప్పాడో.

మధ్యాహ్నం వాల్టర్‌ని అడిగాడు. తొందరగా వెళ్ళాలి, ఒక కర్రా రీలూ కావాలి అన్నాడు. వాల్టర్ కిర్రుమంటున్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నువ్వా? చేపలకా? ఇన్నేళ్ళకా?"

దీనమ్మ సంగతి వాల్టర్‌కి తెలుసు. కాసేపు నీళ్ళ ఒడ్డున కూర్చుని మనసు కుదుటపరుచుకోవడానికి వెళ్తున్నాడనుకున్నట్టున్నాడు. మారుమాట లేకుండా తన సొంత కర్ర, తన సొంత రీలు తెచ్చిచ్చాడు. నీళ్ళలోకి తొంగిచూడ్డానికి మెరుపు తగలని నల్లకళ్ళద్దాలు కూడా ఇచ్చాడు. "వదిలేముందు ఫోటో తియ్యి డేవ్. మొదటి చేప కదా, గోడకి పెడదాం" అన్నాడు. దైవాశీర్వాదం తల ఊపాడు. వాల్టర్ వెనక గదిలోకి వెళ్ళాక ఎరచేపల బకెట్టొకటి, దానికి తగిలించే బ్యాటరీ గాలి మిషనొకటి పట్టుకెళ్ళి కారు డిక్కీలో పెట్టాడు. ఇన్నేళ్ళలో ఆ కొట్టులోంచి ఆయన చెప్పకుండా తీసుకెళ్ళిన వస్తువులు అవే.

రిజర్వాయరు పడమటివైపు ఒక మూల నీళ్ళు లోపలికి చొచ్చుకొచ్చి మడుగులా నిలబడతాయి. దైవాశీర్వాదం కొట్టు బూట్లతోనే బురదలోకి దిగాడు. మే నెల ఎండ వెనకనుంచి కాస్తోంది. కర్ర ఎత్తి విసిరాడు. పార్కింగ్‌లో సీసం గుండు విసిరినట్టే విసిరాననుకున్నాడు. గుండు బరువు వేరు, రబ్బరు తొండ బరువు వేరు. తొండ ముందరే చప్పుడు లేకుండా పడిపోయింది, స్పూలు మాత్రం ఆగకుండా తిరిగి దారాన్ని పొంగించేసింది. చూస్తే రీలు నిండా చిక్కు. పొద్దున్న తీసినదానికంటే పెద్ద చిక్కు. పొద్దున్న అన్ని నీతులు తలుచుకున్న పెద్దమనిషి ఇప్పుడు ఏం చెయ్యాలి? దారం పట్టుకుని బలంగా లాగాడు. బిగుసుకుపోయింది. తిట్టుకున్నాడు. అప్పుడు ఒడ్డున రాయిమీద కూర్చుని, బొటనవేలు అదిమిపెట్టి మొదటినుంచి మొదలుపెట్టాడు. "రా తల్లీ, రా" అనలేకపోయాడు.

చిక్కు తీసేసరికి ఎండ కాస్త వాలింది. ఒడ్డు పొడుగునా నీళ్ళలోకి చూస్తూ నడిచాడు. నల్లకళ్ళద్దాల్లోంచి అడుగు కనిపిస్తోంది. నాచు, మునిగిన కొమ్మలు, ఎవరో పారేసిన డబ్బా. పడిపోయిన చెట్టు మొద్దు పక్కన, గచ్చు కడిగినట్టు తెల్లగా, పళ్ళెమంత గుండ్రటి చోటు. దానిమీద ఒక నల్లటి నీడ కదలకుండా నిలబడి ఉంది. రెక్కలు మాత్రం మెల్లగా ఆడుతున్నాయి.

ఫోను మోగింది. ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు.

"అంకుల్, గుడ్ న్యూస్!" రాధారాణి గొంతు సంతోషంతో ఊగుతోంది. "ఆంటీ లేచి కూర్చున్నారు! మంచం దిగి వాకర్ పట్టుకుని కుర్చీదాకా వచ్చారు. మీరు చేప తెస్తున్నారంట కదా, అదే మాట చెప్తున్నారు. మీ అమ్మాయి షారన్‌కి కూడా ఫోన్ చేశాను. ఆష్‌బర్న్ నుంచి రేపొద్దున్నే స్టార్ట్ అవుతానంది. మీరు ఎన్నింటికి వస్తారు? నేను పిల్లల్ని పికప్ చెయ్యాలి. ఆంటీ బానే ఉన్నారు, కాసేపు ఒక్కరే ఉంటాను, వెళ్ళిరా అంటున్నారు."

"వెళ్ళమ్మా, వెళ్ళు. నేను వచ్చేస్తున్నా. దారిలోనే ఉన్నా" అన్నాడు దైవాశీర్వాదం. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో.

తొండని గూడు అవతలికి విసిరి, మెల్లగా లాక్కొచ్చి, తెల్లటి పళ్ళెం మధ్యలో ఆపాడు. నీడ గిరుక్కున తిరిగింది. ముక్కుతో దాన్ని పొడిచి చూసింది. తోక పట్టుకుని గూటి బయటికి మోసుకెళ్ళి ఉమ్మేసింది. మళ్ళీ వచ్చి తన చోట నిలబడింది. మళ్ళీ విసిరాడు. మళ్ళీ బయట పడేసింది. ఆకలితో కాదు, కోపంతో. దానికి తిండి గొడవ లేదు, ఆ చోటు ఖాళీగా ఉంటే చాలు. దైవాశీర్వాదానికి చెమటలు పట్టాయి. రాధారాణి వెళ్ళిపోయి ఉంటుంది. దీనమ్మ తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. ఉత్తచేతులతో ఆ తలుపు ఎలా తియ్యాలి? ఇప్పుడు కాకపోతే రేపు అడుగుతుందా? రేపు నోరు తెరుస్తుందా?

"తినవే తల్లీ, తిను" అన్నాడు చేపతో. అది మగచేప అని తెలిసే అన్నాడు. ఆ మాట నిజంగా ఎవరితో అన్నాడో ఆయనకే తెలియలేదు.

ఈసారి తెల్లటి తొండ మొత్తం మాయమైంది. మణికట్టు తనంతట తనే లేచింది. కర్ర వంగింది, దారం నీళ్ళని కోస్తూ మొద్దు వైపు పరిగెత్తింది. అటు పోనివ్వకుండా పక్కకి వంచి, చుట్టి, మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగి, బొటనవేలు దాని నోట్లో పెట్టి కింది పెదవి పట్టుకుని పైకెత్తాడు. అలా పట్టుకుంటే బాస్ గింజుకోదు. బరువుగా ఉంది. ఇద్దరికి కాదు, నలుగురికి వచ్చే చేప. తోక అంచు ఎర్రగా, పచ్చిపుండులా ఉంది. గులకరాళ్ళు ఊడ్చి ఊడ్చి గూడు శుభ్రం చేసిన తోక.

కాళ్ళ దగ్గర నీళ్ళు కదిలాయి. చూస్తే అరచేయంత చిన్నచేపలు, ఎక్కడ పొంచి ఉన్నాయో, గుంపుగా వచ్చి తెల్లటి పళ్ళెం మీద పడ్డాయి. తలలు కిందికి, తోకలు పైకి పెట్టి గబగబా తింటున్నాయి. ఇప్పుడు వదిలినా సగం గుడ్లు దక్కుతాయి. కొరమేను పిల్లలతో తిరుగుతుంటే వల తీసి పక్కన పెట్టేవాడు ఈయన తండ్రి. అది గుర్తొచ్చింది. దైవాశీర్వాదం చేపని పట్టుకుని నీళ్ళలో నిలబడి బిగ్గరగా ఏడ్చాడు. ఎప్పుడు ప్రార్థన చేసినా క్షమాపణతో మొదలుపెట్టే మనిషి. ఇవాళ అది కూడా అడగలేదు. "ఆమె తినాలి ప్రభువా, ఒక్క ముద్ద" అన్నాడు. అని, చేపని బకెట్టులో పెట్టి మూత వేశాడు. గాలి మిషను మీట నొక్కాడు. అది గురగురమని మొదలుపెట్టింది.

బాటమీద రేష్మ ఎదురొచ్చింది. చేతిలో కొత్త కర్ర, ముఖం నిండా నవ్వు.

"అంకుల్! మీరు కూడా వచ్చిండ్రా? నాకు ఒక్కటి తగిలి జారిపోయింది. ముడి మాత్రం తెగలే. మీకేమన్న పడిందా?"

"ఏం లేదమ్మా. నీళ్ళే."

బకెట్టులో చేప మూతని ఫట్టుమని కొట్టింది. రేష్మ నవ్వు ఆగిపోయింది. బకెట్టు వైపు, తడిసిన ప్యాంటు వైపు, ఎర్రబడ్డ కళ్ళ వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆ వయసులో, ఆ పిల్ల ముందు, అంత సిగ్గు ఆయనకి ఎప్పుడూ కలగలేదు.

"మా ఆవిడకమ్మా" అన్నాడు. "ఏం తినట్లేదు. ఇది తింటానంది."

రేష్మ ఆయన చంకలోంచి జారిపోతున్న కర్ర అందుకుని కారుదాకా తెచ్చింది. వెనక తలుపు తీసి జాగ్రత్తగా పెట్టింది. "జల్ది పోండి అంకుల్. ఆంటీ చూస్తుంటరు" అంది.

రూట్ వన్ మీద ట్రాఫిక్ ఎక్కడిదక్కడ ఆగిపోయి ఉంది. సిగ్నల్ పడినప్పుడల్లా ఆయన మనసులోనే పులుసు పెట్టుకుంటూ వెళ్ళాడు. మెంతులు ఎన్ని వెయ్యాలి, ముక్కలు ఎప్పుడు దించాలి, కారం తగ్గించాలా. ఆమె ఎప్పుడూ గరిటె పెట్టి కలపనిచ్చేది కాదు, గిన్నె రెండువైపులా పట్టుకుని తిప్పమనేది. వెనక సీట్లో గాలి మిషను గురగురమంటూనే ఉంది.

తాళం తీసి, బకెట్టు రెండు చేతులతో మోసుకుంటూ లోపలికి వచ్చాడు. దీనమ్మ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. వాకర్ కుళాయి దగ్గర ఉంది. జుట్టు వెనక్కి దువ్వి ఉంది. తల కొంచెం పక్కకి వాలి ఉంది.

"దీనా, చూడు. బతికున్నదే" అంటూ ఆయన బకెట్టు ఆమె పాదాల దగ్గర దించి మూత తీశాడు. నీళ్ళు ఆమె పాదం మీద చిందాయి. ఆమె పాదం వెనక్కి తీసుకోలేదు.

ఆయన కింద కూర్చుండిపోయాడు. ఆమె కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఇంకా పూర్తిగా చల్లబడలేదు. వేళ్ళ సందుల్లో గోధుమరంగు పీచు అంటుకుని ఉంది. ఆయన ఆ వేళ్ళు ముఖానికి ఆనించుకున్నాడు, పుల్లటి వాసన వచ్చింది. ఇంట్లో గాలి మిషను చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. "కాస్త ఆగలేకపోయావా" అన్నాడు. చిక్కు తీస్తూ రాయిమీద కూర్చున్న ఆ కాసేపు, తొండని మళ్ళీ మళ్ళీ విసిరిన ఆ కాసేపు గుండెలమీద పడ్డాయి. ఆగలేనిది ఆమె కాదు. రాలేనిది తను.

తరవాత జరగవలసినవన్నీ జరిగాయి. నర్సు వచ్చి సమయం రాసుకుంది. షారన్ ఫోనులో ఏడ్చి, భర్తతో కలిసి అప్పటికప్పుడు బయల్దేరింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. నల్లసూట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు దీనమ్మని మెత్తటి దుప్పటిలో చుట్టి, తలుపులకి తగలకుండా జాగ్రత్తగా తీసుకెళ్ళారు. రాధారాణి గోడకి ఆనుకుని వెక్కుతూనే ఉంది.

"చింతపండు నేను నానబెట్టలేదు అంకుల్. మీరొచ్చేదాకా కదలొద్దని చెప్పి వెళ్ళాను. ఆంటీయే లేచి నానబెట్టుకున్నారు."

అందరూ తలో మూల ఫోన్లు పట్టుకున్నాక దైవాశీర్వాదం బకెట్టు ఎత్తుకుని కిందికి దిగాడు. అపార్ట్‌మెంట్ల వెనక వాననీళ్ళ కోసం తవ్విన చిన్న కుంట ఉంది. మధ్యలో ఫౌంటెన్, ఒడ్డున బాతులు. ఇంకా వెలుతురు పోలేదు. బకెట్టు పక్కకి వంచాడు. చేప నీళ్ళలోకి జారి, ఒడ్డు దగ్గరే కాసేపు నిలబడింది. రెక్కలు ఆడించింది. ఎర్రటి తోకతో అడుగున బురదని ఒకసారి ఊడ్చింది. అక్కడ కాయడానికి ఏమీ లేదు. తరవాత లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన పైకి వచ్చేసరికి రాధారాణి వంటింట్లో ఉన్న గిన్నెలన్నీ కడుగుతోంది. పొయ్యి పక్కనున్నదానికి కూడా చెయ్యి చాపింది.

"అది ఉంచమ్మా" అన్నాడు దైవాశీర్వాదం.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. స్టీలు గిన్నెలో నీళ్ళు ఎర్రబడ్డాయి, వాటి మధ్య చింతపండు బాగా నాని, ఉబ్బి, పిసకడానికి సిద్ధంగా ఉంది.